అణువుల గీతలు చదువుదాం – నాలుగో పాఠం: గీతల నుంచి పొడవు, గీతల నుంచి చలి

తిరిగే అణువుకి ఇష్టమొచ్చినంత శక్తి ఉండదని, దాని శక్తి ఎప్పుడూ బి × జె × (జె + 1) అనే మెట్ల మీదే నిలుస్తుందని పోయిన పాఠంలో చూశాం. జె అంటే మెట్టు సంఖ్య, దాని విలువలు 0, 1, 2, 3 ఇలా పోతాయి. బి అనేది ఒక్కో అణువుకి ఒక్కో సంఖ్య. అణువు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి మారేటప్పుడు పీల్చే లేదా వదిలే వెలుగునే గీత అంటాం. ఈసారి లెక్క చేద్దాం. ఒక నోటుబుక్కు, సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే చాలు. ఫోన్ అడ్డంగా తిప్పితే వచ్చేదైనా పర్వాలేదు.

ల్యాబ్ లేదే అని అమలాపురం, రాజోలు వైపు పిల్లలు బెంగపెట్టుకుంటారు. ఈ పాఠానికి ల్యాబ్ అక్కర్లేదు. ప్రపంచంలో ఎందరో కొలిచిన గీతలని జర్మనీలో కొలోన్ విశ్వవిద్యాలయం వాళ్లు పట్టికలుగా పెట్టి అందరికీ ఉచితంగా ఇస్తున్నారు. అసలు మన వైపు వాళ్లకి ఈ విద్య కొత్తేమీ కాదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగధామరావు గారు స్పెక్ట్రోస్కోపీకి, అంటే ఇలా గీతలు చదివే విద్యకి, ఒక బలమైన బడినే నిలబెట్టారు.

మన అణువు కార్బన్ మోనాక్సైడ్. ఉన్నవి రెండే పరమాణువులు కాబట్టి లెక్క తేలిక. దాని మొదటి మూడు గీతలు ఇవి. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి వంద కోట్ల కంపనాలు. నోటుబుక్కులో రాసుకోండి.

0 నుంచి 1కి: 115.2712 గిగాహెర్ట్జ్
1 నుంచి 2కి: 230.5380 గిగాహెర్ట్జ్
2 నుంచి 3కి: 345.7960 గిగాహెర్ట్జ్

మొదటి గీతని అంతరిక్షంలో తొలిసారి పట్టుకున్నది 1970లో. విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ ఓరియన్ నెబ్యులా వైపు టెలిస్కోప్ తిప్పి చూశారు. మూడో గీతని మాత్రం కోనసీమ నుంచి చూద్దామనుకోకండి. జూన్‌లో మన గాలిలో ఉండే తేమకి అది నేల దాకా దిగదు. నీటి ఆవిరికి 183 గిగాహెర్ట్జ్ దగ్గర సొంత గీత ఒకటి గట్టిగా ఉంది, ఇంకా పైన మరిన్ని ఉన్నాయి. ఇలాంటి గీతలు చూసే ఆల్మా టెలిస్కోప్‌ని చిలీలో అటకామా ఎడారిలో, 5000 మీటర్ల ఎత్తున కట్టింది అందుకే. అదే 183 గీత వేరే చోట మనకి పనికొచ్చింది. ఇస్రో, ఫ్రాన్స్ కలిసి 2011లో పంపిన మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహం ఆ గీత చుట్టుపక్కల చూసే గాలిలో తేమ కొలిచేది. తుపాను కబురు కోసం రేడియో దగ్గర కూర్చున్న ఊళ్లకి ఆ కొలత విలువ వేరే చెప్పాలా!

ఇప్పుడు మొదటి అడుగు. రెండు మెట్ల మధ్య తేడా తీస్తే 0 నుంచి 1కి 2బి, 1 నుంచి 2కి 4బి, 2 నుంచి 3కి 6బి వస్తుంది. కాగితం మీద ఒకసారి చేసి చూసుకోండి, నా మాట నమ్మి వదిలేయకండి. అంటే మొదటి గీతని 2తో భాగిస్తే బి దొరుకుతుంది: 57.636 గిగాహెర్ట్జ్.

రెండో అడుగు బంధం పొడవు. బి ఎంత ఉంటుందనేది అణువు బరువు మీద, పరమాణువుల మధ్య దూరం మీద ఆధారపడుతుంది. బరువుగా ఉన్నా పొడుగ్గా ఉన్నా బి తగ్గుతుంది. స్థిరాంకాలన్నీ కలిపి ముద్ద చేస్తే పనికొచ్చే సూత్రం ఇదీ:

దూరం వర్గం = 505.38 ÷ (రెడ్యూస్డ్ మాస్ × బి)

రెడ్యూస్డ్ మాస్ పరమాణు ద్రవ్యరాశి యూనిట్లలో, బి గిగాహెర్ట్జ్‌లో వేస్తే దూరం ఆంగ్‌స్ట్రామ్‌లలో వస్తుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు.

రెడ్యూస్డ్ మాస్ అంటే రెండు ద్రవ్యరాశుల గుణకారాన్ని వాటి కూడికతో భాగించడం. కార్బన్ 12, ఆక్సిజన్ 15.995 కాబట్టి 12 × 15.995 ÷ 27.995 = 6.856. దీన్ని 57.636తో గుణిస్తే 395.15. 505.38ని దానితో భాగిస్తే 1.279. వర్గమూలం 1.131.

అంతే, కార్బన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య దూరం 1.131 ఆంగ్‌స్ట్రామ్‌లు. కంటికి ఎప్పటికీ కనపడని దూరాన్ని ఒక్క గీతతో, అరపేజీ లెక్కతో మూడు దశాంశాల దాకా చెప్పేశారు. పుస్తకాల్లో 1.128 అని కనిపిస్తే మీ లెక్క తప్పనుకోకండి. అది అణువు కంపనం పూర్తిగా ఆగితే ఉండే ఊహాదూరం. అసలు అణువు ఎంత చల్లబరిచినా కాస్త కంపిస్తూనే ఉంటుంది, మనం కొలిచింది ఆ కంపనంతో కలిపిన దూరం.

మూడో అడుగులో చాలామంది చూడకుండా దాటేసే సంగతి ఉంది. రెండో గీతని 2తో, మూడో గీతని 3తో భాగించండి. మొదటి గీతే మళ్లీ రావాలి కదా? 115.2690, 115.2653 వస్తాయి. కొంచెం కొంచెం తగ్గుతున్నాయి. కొలత తప్పు కాదు. అణువు ఎంత వేగంగా తిరిగితే బంధం అంతగా సాగుతుంది, సాగితే బి తగ్గుతుంది. ఆ సాగుడుకి ఒక సంఖ్య కట్టొచ్చు. మొదటి గీత 115.2712కీ, ఈ 115.2690కీ తేడా 0.0022. దాన్ని 12తో భాగిస్తే 0.000183 గిగాహెర్ట్జ్, అంటే 183 కిలోహెర్ట్జ్. దీన్ని డి అంటారు. 12 ఎక్కడిదంటే, సాగుడు వల్ల గీత 4 × డి × (పై మెట్టు సంఖ్య ఘనం) అంత కిందికి జరుగుతుంది. పై మెట్టు సంఖ్యతో భాగించాక మొదటి గీతలో 4డి, రెండో గీతలో 16డి తగ్గుతాయి, తేడా 12డి. ఈ డి వేసి మూడో గీతని మీరే ముందుగా లెక్కకట్టి, పైన ఇచ్చిన 345.7960తో పోల్చండి. సరిపోతే ఈ పాఠంలో సగం మీ సొంతమైనట్టే.

మిగతా సగం చలి గురించి.

గీత ఉన్న చోటు అణువు ఆకారాన్ని చెబుతుంది. గీత బలం ఏ మెట్టు మీద ఎన్ని అణువులున్నాయో చెబుతుంది. దానికి ముందు మెట్ల ఎత్తుని కెల్విన్‌లలోకి, అంటే −273 డిగ్రీల నుంచి లెక్కపెట్టే ఉష్ణోగ్రత కొలతలోకి మార్చుకోవాలి. శక్తి లెక్కలో ఒక కెల్విన్ 20.837 గిగాహెర్ట్జ్‌కి సమానం. మొదటి మెట్టు 115.27 ÷ 20.837 = 5.53 కెల్విన్. రెండోది దానికి మూడింతలు, 16.6. మూడోది ఆరింతలు, 33.2.

ఒక మెట్టు మీద జనాభా = (2 × జె + 1) × ఇ ఘాతం (−మెట్టు ఎత్తు ÷ ఉష్ణోగ్రత). ఇ ఘాతం అంటే కాలిక్యులేటర్‌లో e^x మీట. అన్నిటినీ ఇలా కట్టి, మొత్తంతో భాగిస్తే వాటాలు వస్తాయి. ఆ (2 × జె + 1)ని మర్చిపోవద్దు. అన్నిటికన్నా కింది మెట్టు మీదే జనం ఎక్కువుంటారని చాలామంది అనుకోవడానికి దాన్ని మర్చిపోవడమే కారణం. జె పెరిగేకొద్దీ అణువు తిరగడానికి ఎక్కువ రకాల దిశలు దొరుకుతాయి, ఆ మెట్టు వెడల్పు అవుతుంది.

27 డిగ్రీల దగ్గర, అంటే 300 కెల్విన్ దగ్గర, జనవరి మధ్యాహ్నం మన డెల్టాలో ఉండేపాటి వేడిలో, సున్నా మెట్టు మీద నూటికి ఒక అణువు కూడా ఉండదు. ఎక్కువమంది ఉండేది జె = 7 మీద. అక్కడా నూటికి ఎనిమిదే. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలు పాయలుగా చీలినట్టు అణువులు పాతిక మెట్ల మీదికి చీలిపోతాయి, ఏ ఒక్క గీతలోనూ బలం ఉండదు.

10 కెల్విన్ దగ్గర చూడండి. సున్నా మీద 25 శాతం, ఒకటి మీద 43, రెండు మీద 24, మూడు మీద 6. మిగతావన్నీ కలిపినా ఒక శాతం. 1 కెల్విన్‌కి దింపితే 98 శాతానికి పైగా సున్నా మీదే.

చల్లని అణువుల మీద పరిశోధన ఎందుకని అడిగేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. వార్తల్లో నానోకెల్విన్ (కెల్విన్‌లో వంద కోట్ల వంతు) మాట వింటే అందరికీ సరదా, కానీ స్పెక్ట్రమ్ చదివేవాడికి మొదటి పెద్ద లాభం పది కెల్విన్ దగ్గరే దొరికిపోతుంది. రెండు పరమాణువుల అణువుకే ఇంత తేడా ఉంటే, పెద్ద అణువుల్లో గీతలు వేలకొద్దీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. ఎర్రటి గోధుమరంగులో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ అలాంటి మొండి అణువు. 1970ల మధ్యలో షికాగోలో స్మాలీ, వార్టన్, లెవీ ఆ వాయువుని సన్నటి రంధ్రంలోంచి వాక్యూమ్‌లోకి చిమ్మి చల్లబరిస్తే చిక్కు విడిపోయింది. స్మాలీ తర్వాత ఫుల్లరీన్ (బంతిలాంటి కార్బన్ అణువుల) పనికి 1996లో నోబెల్ పంచుకున్నారు.

ఆ చిమ్మడంలో చల్లబడేదెలా? ఎక్కువ పీడనంలో ఉన్న వాయువు బయటికొస్తూ ఒకదాన్నొకటి గుద్దుకుని అటూఇటూ పోయే వేగాలన్నీ ఒకే దిశకి మళ్లుతాయి. పక్కపక్కన పోతున్న అణువుల మధ్య వేగం తేడా తగ్గడమే చల్లబడడం. భ్రమణం కూడా దానితో పాటు కొన్ని కెల్విన్‌లకి దిగుతుంది. కంపనం మాత్రం అంత త్వరగా దిగదు. అందుకే ఈ రంగంలో ఉష్ణోగ్రత ఎంత అంటే, దేని ఉష్ణోగ్రత అని ఎదురు అడగాలి.

ఇంకో పద్ధతి, 4 కెల్విన్ దగ్గరున్న హీలియంలో అణువుల్ని కలపడం. లేజర్‌తో చల్లబరచడం పరమాణువులకి తేలికే గాని అణువులకి కష్టం, ఎందుకంటే వెలుగు వదిలిన అణువు వేరే కంపన మెట్టు మీదికి జారిపోయి లేజర్‌కి దొరకదు. అలా తక్కువగా జారే స్ట్రాన్షియం ఫ్లోరైడ్‌ని ఏరుకుని అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో డెమిల్ బృందం 2010లో ఆ పని చేసి చూపించింది. అంతకు రెండేళ్ల ముందు కొలరాడోలో జిలా అనే పరిశోధన సంస్థ వాళ్లు ముందే చల్లబరిచిన పొటాషియం, రుబీడియం పరమాణువుల్ని జతచేసి, కెల్విన్‌లో పది లక్షల వంతు కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో అణువులు తయారుచేశారు. ఆ కథ తర్వాతి పాఠాల్లో.

ఒక జాగ్రత్త. గీత ఎత్తు, కింది మెట్టు జనాభా ఒకటే కావు. పై మెట్టు మీద ఉన్నవాళ్లు కూడా వెలుగుని తిరిగి ఇస్తుంటారు, దాన్ని తీసెయ్యాలి. కింది అభ్యాసాల్లో ఆ సవరణ అయిపోయిందనే అనుకోండి.

అభ్యాసం 1. ఒక ప్రయోగంలో కార్బన్ మోనాక్సైడ్‌కి ఒకటో మెట్టు జనాభా, సున్నా మెట్టు జనాభాలో 0.75 వంతు ఉంది. ఉష్ణోగ్రత ఎంత? అణువుల్ని ఏ పద్ధతిలో చల్లబరిచి ఉంటారు?

అభ్యాసం 2. కార్బన్-12 బదులు కార్బన్-13 వేయండి, ద్రవ్యరాశి 13.003. దూరం మారదనుకుని మొదటి గీత ఎక్కడ రావాలో లెక్కకట్టండి. కొలిచిన విలువ 110.201 గిగాహెర్ట్జ్. మీ జవాబు దీనికి చాలా దగ్గరగా వచ్చి, సరిగ్గా మాత్రం కలవదు. ఎందుకు కలవదో రెండు వాక్యాల్లో రాయండి. 1.128 దగ్గర చెప్పింది ఇంకోసారి చదవండి.

అభ్యాసం 3. కృష్ణా-గోదావరి బేసిన్ బావుల్లోంచి వచ్చేది, నీళ్లు నిలిచిన వరిచేలోంచి పైకి పోయేది ఒకటే వాయువు, మీథేన్. దానికి ఈ పాఠంలో చూసినలాంటి బలమైన భ్రమణ గీతలు ఉండవు. అయినా గ్యాస్ లీకుని పసిగట్టే పరికరాలు 1.65 మైక్రోమీటర్ల లేజర్‌తో దాన్ని పట్టేస్తాయి. అణువు బొమ్మ గీసి, గీతలు ఎందుకు లేవో ముందు మీరు ఊహించండి. లేజర్ సంగతి అయిదో పాఠంలో చూద్దాం.