అయిదు గ్రహాలు ఒకే పూట ఎప్పుడు కనిపిస్తాయి? పంచాంగంతో, స్ప్రెడ్‌షీటుతో లెక్క కట్టే పద్ధతి

"గ్రహాలన్నీ ఒకే వరసలోకి వస్తున్నాయి" అన్న బొమ్మ వాట్సాప్‌లో తిరిగిన సాయంత్రం మేడెక్కి చూస్తే, చాలాసార్లు శుక్రుడో గురుడో తప్ప ఇంకేమీ ఉండదు. ఆ బొమ్మల్లో యురేనస్, నెప్ట్యూన్‌లను కూడా కలుపుకుని ఆరనీ ఏడనీ రాస్తారు. నెప్ట్యూన్ బైనాక్యులర్ లేనిదే కనిపించదు, యురేనస్ ఊరి వెలుతుర్లో దొరకదు. కంటికి ఆనేవి అయిదే: బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. ఈ అయిదూ ఒకే పూట కనిపించే రోజుల్ని పట్టుకోవడానికి కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

ముందు దేన్ని వెతుకుతున్నామో తేల్చుకోవాలి. గ్రహాలు ఒకే రాశిలో చేరడం వేరు, కంటికి కనబడటం వేరు. 1962 ఫిబ్రవరి మొదటి వారంలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి అని దేశమంతటా యజ్ఞాలు జరిగాయి. సూర్యచంద్రులు, అయిదు గ్రహాలు, కేతువు లెక్క ప్రకారం అక్కడే చేరాయి. సూర్యుడే మధ్యలో ఉంటే మిగతావి కనిపించేదెలా? 2000 మే నెల కూటమికీ అదే గతి పట్టింది. 2022 జూన్ చివర్లో మాత్రం అయిదు గ్రహాలూ వంద డిగ్రీలకు పైగా పరుచుకుని ఉన్నా, తెల్లవారుజామున వరసగా అన్నీ కనిపించాయి. ఇక వరస అంటారా, గ్రహాలు క్రాంతివృత్తానికి (ఆకాశంలో ఏడాది పొడవునా సూర్యుడు నడిచే దారి) కొద్ది డిగ్రీల అటూఇటూలోనే నడుస్తాయి గనక అది ఎప్పుడూ ఉండేదే. అసలు లెక్కంతా సూర్యుడు ఎక్కడున్నాడన్నదాని మీదే.

స్ఫుటాలు తీసుకోవడం

కావలసిన తేదీకి సూర్యుడిదీ అయిదు గ్రహాలదీ స్ఫుటం, అంటే భూమి నుంచి చూస్తే క్రాంతివృత్తం మీద అవి ఎన్నో డిగ్రీలో ఉన్నాయో ఆ అంకె, 0 నుంచి 360 లోపు రాసుకోండి. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ వేసే రాష్ట్రీయ పంచాంగంలో రోజువారీ స్ఫుటాలు ఉదయం 5:30కి ఉంటాయి. ఇంట్లో ఉగాదికి కొన్న పంచాంగమైతే, స్ఫుటం లేకపోయినా గ్రహాల పాదచారం ఉంటుంది. దాన్ని డిగ్రీల్లోకి మార్చుకోవచ్చు: నక్షత్రానికి 13°20', పాదానికి 3°20'. "శుక్రుడు హస్త 2లో ప్రవేశం" అని ఉందనుకోండి. హస్త 13వ నక్షత్రం. అంతకు ముందు గడిచినవి 12, అంటే 160°. ఒక పాదం గడిచింది, 3°20' కలపండి. ఆ రోజు శుక్రుడు 163°20' దగ్గర ఉన్నాడు.

పంచాంగం మీద "దృగ్గణితం" (ఆకాశంలో కనిపించేదానికి సరిపోయే లెక్క) అని ఉందో లేదో చూసుకోండి. సూర్యసిద్ధాంతమనే పాత ఖగోళ గ్రంథం గణితంతో వేసిన వాటిలో కొన్ని గ్రహాలు ఆకాశంలో కనిపించే చోటికి డిగ్రీల తేడాతో ఉంటాయి. పండుగలకు అది వాడుకోండి, ఆకాశం చూడటానికి వద్దు.

ఏళ్ళ తరబడి వెతకాలంటే నాసా వారి జేపీఎల్ హొరైజన్స్ సైటు వాడటమే నయం. అబ్జర్వర్ టేబుల్ ఎంచుకుని, అడుగు 1 రోజు పెట్టి, 31వ కొలత (క్రాంతివృత్త రేఖాంశం), 23వ కొలత (సూర్యుడి నుంచి కోణీయ దూరం) అడగండి. సూర్యుడి సంఖ్య 10, గ్రహాలవి వరసగా 199, 299, 499, 599, 699. 23వ కొలత పక్కన "టి" అక్షరం ఉంటే గ్రహం సాయంత్రం ఆకాశంలో, "ఎల్" ఉంటే తెల్లవారుజామున ఉన్నట్టు.

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. హొరైజన్స్ అంకెలు సాయనం (వసంత విషువత్తు నుంచి లెక్కపెట్టినవి), పంచాంగం అంకెలు నిరయనం (నక్షత్రాల నుంచి లెక్కపెట్టినవి). రెంటికీ ఇప్పుడు 24 డిగ్రీలకు పైగా తేడా, దాన్నే అయనాంశ అంటారు. సూర్యుణ్ణి ఒకచోట నుంచి, గ్రహాన్ని ఇంకోచోట నుంచి తీసుకుంటే లెక్క మొత్తం పాడవుతుంది. అన్నీ ఒకేచోట నుంచి తీసుకుంటే అయనాంశ దానంతటదే కొట్టుకుపోతుంది, ఎందుకంటే మనకు కావలసింది తేడాలే. రెండో తప్పు, సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగే పటం చూసి "వరసలోకి వచ్చాయి" అనుకోవడం. అది సూర్యుడి పైనుంచి చూసిన చూపు. మన మేడ మీది నుంచి ఆకాశం అలా ఉండదు.

సూర్యుణ్ణి తీసేయడం

ప్రతి గ్రహం స్ఫుటంలోంచి సూర్యస్ఫుటం తీసేయండి. ఋణం వస్తే 360 కలపండి (స్ప్రెడ్‌షీటులో మాడ్ ఫంక్షన్ ఈ పని చేస్తుంది). ఫలితం 180 లోపు ఉంటే గ్రహం సాయంత్రం కనిపిస్తుంది. 180 దాటితే తెల్లవారుజామున. 360లోంచి తీసేస్తే దూరం వస్తుంది. అయిదూ ఒకే వైపున పడితే సగం పని అయినట్టే.

మిగతా సగం మూఢం. గురు మూఢమి, శుక్ర మూఢమిలో పెళ్ళిళ్ళు పెట్టరని అందరికీ తెలుసు. ఆ గ్రహం సూర్యుడి వెలుగులో మునిగి కనిపించని రోజులవి. దానికి సూర్యసిద్ధాంతం కాలాంశల్లో హద్దులు ఇచ్చింది: శుక్రుడికి 10 (వక్రిస్తే, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తే, 8), గురుడికి 11, బుధుడికి 14 (వక్రిస్తే 12), శనికి 15, కుజుడికి 17. కాలాంశ అంటే 4 నిమిషాలు. సూర్యుడు అస్తమించాక గురుడు అస్తమించడానికి 44 నిమిషాలైనా ఉండాలన్నమాట. స్ఫుటాల పట్టీ పాతబడింది కానీ ఈ హద్దులు ఇప్పటికీ పనికొస్తాయి. కాంతి తక్కువైన కుజుడికి ఎక్కువ దూరం, శుక్రుడికి తక్కువ దూరం అడగడం సబబే. మన అక్షాంశాల్లో మొదటి వడపోతకు కాలాంశనే డిగ్రీ అనుకున్నా పెద్దగా నష్టం లేదు.

నెమ్మదిగా నడిచేవాటి నుంచి వెతకడం

పదేళ్ళ తేదీలన్నీ ఒక్కొక్కటే చూడనక్కర్లేదు. శని, గురులతో మొదలుపెట్టి బుధుడితో ముగించండి.

గురుడు శనిని 19.86 ఏళ్ళకోసారి దాటుతాడు. ఆ తర్వాత రెంటి మధ్య దూరం ఏడాదికి 18 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. అయిదూ 25 డిగ్రీల్లోపు దగ్గరగా రావాలంటే గురు–శని యోగానికి అటూఇటూ ఏడాదిన్నర లోపలే వెతకాలి: 2000, 2020, 2040, 2060 చుట్టూ. ఆకాశంలో సగం మేర పరుచుకున్నా చాలనుకుంటే చాలా ఏళ్ళు పనికొస్తాయి.

తర్వాత కుజుడు. అతడు 780 రోజులకోసారి సూర్యుడితో కలుస్తాడు. ఆ కలయికకు ముందు నెలలు సాయంత్రాలకు, తర్వాత నెలలు తెల్లవారుజాములకు. శుక్రుడికి ఒక చిట్కా ఉంది: 8 ఏళ్ళకు రెండున్నర రోజుల తక్కువగా అదే తీరు తిరిగి వస్తుంది. 2020 అక్టోబరులో వేకువ చుక్కగా ఉన్నాడు గనక 2028 అక్టోబరులోనూ వేకువ చుక్కే.

ఆఖరున బుధుడు. సూర్యుడికి 28 డిగ్రీలు దాటి దూరం పోడు, 116 రోజులకోసారి చక్రం తిరుగుతుంది. ఏడాదిలో మూడు సాయంత్రపు అవకాశాలు, మూడు ఉదయపువి, ఒక్కోటి రెండు మూడు వారాలు. మిగతా నాలుగూ నెలల తరబడి కుదిరినా, తలుపు తీసేదీ వేసేదీ బుధుడే.

పరుచుకున్న మేర తెలియాలంటే అయిదు స్ఫుటాల్ని వరసలో పెట్టి, పక్కపక్కవాటి మధ్య ఖాళీల్లో పెద్దదాన్ని 360లోంచి తీసేయండి. చివరిదాని నుంచి మొదటిదాకా ఉన్న ఖాళీని మరిచిపోతే లెక్క తప్పుతుంది.

2028 అక్టోబరుతో ఒక లెక్క

2028 అక్టోబరు 23 ఉదయానికి నిరయన స్ఫుటాలు గుండ్రంగా ఇవి: సూర్యుడు 186, బుధుడు 170, గురుడు 168, శుక్రుడు 153, కుజుడు 124, శని 13. తీసివేశాక సూర్యుడి నుంచి దూరాలు: బుధుడు 16, గురుడు 18, శుక్రుడు 33, కుజుడు 62, శని 173, అన్నీ తెల్లవారుజాము వైపే. ఖాళీలు 111, 29, 15, 2, 203. పెద్దది 203, అంటే మేర 157 డిగ్రీలు. సూర్యుడు ఆ పెద్ద ఖాళీలోనే, గుంపుకి బయట ఉన్నాడు. అన్నీ హద్దులు దాటాయి.

ఎన్నాళ్ళు కనిపిస్తాయి? గురుడు అక్టోబరు నడిమికి గానీ మూఢం వీడడు. బుధుడు 27 దాటితే మళ్ళీ మునుగుతాడు. శని నెలాఖరులో సూర్యుడికి సరిగ్గా ఎదురు వచ్చి సాయంత్రాల వైపు మళ్ళుతాడు. కాబట్టి సుమారు 15 నుంచి 27 దాకా. ఒక్క తేదీనే నమ్ముకోవద్దు. ఈశాన్య రుతుపవనాల రోజులవి, కోస్తాలో మబ్బు ఖాయం. పైగా దీపావళి వెళ్ళిన వారం, పొగ కూడా ఉండొచ్చు.

హైదరాబాద్‌లో ఆ రోజు సూర్యోదయం సుమారు 6:12. చూడవలసిన వేళ 5:25–5:40. అంతకు ముందు బుధ గురులు మరీ కిందుంటారు, తర్వాత వెలుగు ముంచేస్తుంది. తూర్పున కింద బుధ గురులు, వాటి పైన శుక్రుడు, ఇంకా పైన కుజుడు. శని కోసం వెనక్కి తిరగాలి, పడమర దిక్కున 15 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అయిదూ తూర్పునే ఉంటాయనుకుని శనిని పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

ఊరు మారితే

సూర్యుడి నుంచి అంతే దూరమున్నా ఎత్తు అన్నిచోట్లా ఒకటి కాదు. ఉత్తరార్ధగోళంలో మార్చి సాయంత్రాలు, సెప్టెంబరు ఉదయాలకు క్రాంతివృత్తం దిగంతంతో చేసే కోణం 90 − అక్షాంశం + 23.4. సెప్టెంబరు సాయంత్రాలు, మార్చి ఉదయాలకు ఆ 23.4ను తీసేయాలి. దూరాన్ని ఈ కోణం సైన్‌తో గుణిస్తే సూర్యుడు దిగంతం మీద ఉన్నప్పటి గ్రహం ఎత్తు దాదాపుగా వస్తుంది. సెప్టెంబరు సాయంత్రం 16 డిగ్రీల దూరంలో ఉన్న గ్రహం హైదరాబాద్‌లో 12 డిగ్రీల ఎత్తున ఉంటే, లండన్‌లో 4 డిగ్రీలే.

2040 సెప్టెంబరు 8కి ఇది పట్టించుకోవాలి. ఆ సాయంత్రం అయిదు గ్రహాలూ కన్యలో 10 డిగ్రీల లోపు ఒద్దికగా చేరతాయి, నెలవంక కూడా వాటి దగ్గరే. వినాయక చవితికి ఒకటి రెండు రోజుల ముందు కాబట్టి చంద్రుణ్ణి చూడటానికి శంక అక్కర్లేదు. సూర్యాస్తమయానికి హైదరాబాద్‌లో గుంపు 15–20 డిగ్రీల ఎత్తున ఉంటుంది, చూడటానికి అర గంట పైచిలుకు దొరుకుతుంది. లండన్‌లో ఉన్నవాళ్ళకు దాదాపు లేనట్టే. మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉన్నవాళ్ళకు క్రాంతివృత్తం నిలువుగా లేస్తుంది గనక మనకన్నా బాగా కనిపిస్తుంది.

చోటు చూసుకోవడానికి పరికరమేమీ వద్దు. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు 10 డిగ్రీలు, చిటికెన వేలు 1 డిగ్రీ. వారం ముందే ఆ దిక్కున నిలబడి కొలవండి: దిగంతం మీద అర పిడికిలికి పైన అపార్ట్‌మెంటో కొబ్బరిచెట్లో అడ్డుంటే బుధుడి మీద ఆశ వదులుకోవడమో, చెరువుగట్టుకు పోవడమో చేయాలి.