సంక్రాంతి మాస్టరింగ్ పనులకు ముందు: ఇన్సర్ట్ స్విచర్ జాగ్రత్తలు

పండగ సినిమాల పాటలు చెన్నైలోని వడపళని, సాలిగ్రామం స్టూడియోలకు వచ్చేస్తున్నాయి. మాస్టరింగ్‌లో, అంటే పాటకు చివరి మెరుగులు దిద్దేటప్పుడు, పాట ఏ పరికరాల గుండా వెళ్లాలో బటన్‌తో మార్చే పెట్టె ఇన్సర్ట్ స్విచర్. కొత్తది బిగించేవారు ఇవి చూసుకోండి.

• హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తోందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయవద్దు. 230 వోల్టుల లీకేజీకి అప్పుడు మీ చెయ్యే దారి. హమ్ సంగతి ఆడియో కేబుల్ షీల్డు దగ్గర తేల్చుకోవాలి.

• డీబీ25 కేబుల్ (25 పిన్నుల కనెక్టర్ ఉన్నది) టాస్కామ్ కంపెనీ అమరికా, యమహా అమరికా? కనెక్టర్ ఒకటే, పిన్నుల వరుస వేరు. అమ్మినవారి మాట నమ్మకుండా మల్టీమీటర్‌తో ఒక్కొక్క పిన్నూ చూడండి. తర్వాత 1 కిలోహెర్ట్జ్ టోన్ పంపి, ఒక్కో ఇన్సర్ట్‌నూ (ఒక్కో పరికరానికి ఉన్న దారిని) విడిగా ఆన్ చేయండి. మీటరు 6 డెసిబెల్స్ పడితే, బ్యాలెన్స్‌డ్ జతలో (ఒకే సిగ్నల్‌ను మోసే రెండు తీగల్లో) ఒక తీగ అంటలేదని మొదటి అనుమానం. ఎడమ, కుడి తారుమారయ్యాయేమో టోన్ చెప్పదు. ఒక వైపే పంపి చూడాలి.

• స్విచర్ నుంచి వెళ్లే సెండ్ పరికరం ఇన్‌పుట్‌కు, తిరిగొచ్చే రిటర్న్ దాని అవుట్‌పుట్‌కు. అలసిన రాత్రి తప్పేది ఇక్కడే.

• స్విచర్ రిమోట్ తీగకు ఆర్‌జే45 (నెట్‌వర్క్ కేబుల్ ప్లగ్గు) ఉంటే దాన్ని నెట్‌వర్క్ స్విచ్‌లో పెట్టవద్దు. అందులో పవర్ వస్తే రిమోట్ కాలిపోవచ్చు. తేడా తెలిసేలా తీగకు రంగు టేపు చుట్టండి.

• పరికరాల వరుస మార్చే ముందు మానిటర్ స్పీకర్ల శబ్దం తగ్గించండి. ట్యూబ్ కంప్రెసర్‌లో గెయిన్ ఎక్కువుంటే ట్వీటర్లకు (సన్నని శబ్దాల స్పీకర్లకు) ముప్పు.

• బైపాస్‌తో (పరికరం లేకుండా నేరుగా వెళ్లే పాటతో) పోల్చేటప్పుడు శబ్ద స్థాయి సమానం చేయండి. బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు వినిపిస్తుంది, నిర్మాతకు మరీను.