పిల్లల ముద్దుమాటలు దాచుకోవడం ఎలా

2, 3 ఏళ్ళ పిల్లలకి ర అంత త్వరగా పలకదు, కారు కాస్తా కాలు అయిపోతుంది. మావాడు ఓ రోజు "అమ్మా నా కాలు మంచం కిందికెళ్ళిపోయింది" అని కళ్ళనిండా నీళ్ళతో వచ్చాడు, రెండు కాళ్ళ మీదా నిలబడి! అలాంటప్పుడు పైకి నవ్వేయకండి, చిన్నబుచ్చుకుంటారు పాపం, "అయ్యో కారు వెళ్ళిపోయిందా, పద తీద్దాం" అని సరైన మాట మన నోటితో అనేస్తే చాలు, దిద్దక్కర్లేదు. ఆ వెంటనే ఫోన్‌లో తేదీ, వయసు వేసి వాడన్నది అన్నట్టే టైప్ చేసుకోండి, రాత్రికి రాద్దాంలే అనుకుంటే సగం మర్చిపోతాం. గొంతు కూడా రికార్డ్ చేయండి, ఫోన్ కనబడితే మాట ఆపేస్తారు కాబట్టి దాన్ని పక్కన పెట్టేసి ఆడుకుంటూ ఉండండి. మావాడికి ఇప్పుడు ర వచ్చేసింది, ఆ "కాలు" మాత్రం నా ఫోన్‌లో భద్రంగా ఉంది.