హాస్య సీరియల్‌ను విమర్శకుడిలా చూడటం: 5వ పాఠం
గతంలోకి వెళ్లే ఎపిసోడ్

పాత్ర తన అసలు కోరికను ఎక్కడ దాచుకుంటుందో పట్టుకోవడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి అదే పని ఒక తిరకాసు ఎపిసోడ్ మీద చేద్దాం. పాత్రలన్నీ మనకు అలవాటయ్యాక, ‘అసలు వీళ్లెలా కలిశారు?’ అని వెనక్కి తీసుకెళ్లే ఎపిసోడ్ అది.

మన నమూనా అమెరికన్ హాస్య సీరియల్ ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’ మూడో సీజన్‌లోని 22వ ఎపిసోడ్, ‘ది స్టెయిర్‌కేస్ ఇంప్లిమెంటేషన్’. 2010 మే 17న ప్రసారమైంది. గది ఉష్ణోగ్రత దగ్గర తన రూమ్మేట్ షెల్డన్‌తో గొడవపడి లెనార్డ్ ఎదురింటి పెన్నీ దగ్గరికొస్తాడు. ఇంత చాదస్తుడితో ఎందుకుంటున్నావని ఆమె అడిగితే, ఏడేళ్ల కిందటి కథ మొదలుపెడతాడు.

నోట్‌బుక్‌లో పేజీ మధ్య నిలువుగా గీత గీయండి. వస్తువుల సంగతులు ఎడమవైపు, మనుషుల సంగతులు కుడివైపు రాయండి. రూమ్మేట్ ఒప్పందం, పాడైన లిఫ్ట్ ఎడమవైపు వస్తాయి. కుడివైపు ఖాళీగా మిగిలితే ఆ ఎపిసోడ్ పాత అభిమానులకు పంచిన మిఠాయి మాత్రమే.

ఇక్కడ కుడివైపు ఖాళీగా లేదు. లెనార్డ్ తయారుచేసిన రాకెట్ ఇంధనం పేలబోతోందని కనిపెట్టి, షెల్డన్ దాన్ని లిఫ్ట్‌లో పడేసి అందరినీ కాపాడతాడు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఆ తర్వాతి సంగతి. అతను ఇంటి యజమానికి గానీ పోలీసులకు గానీ లెనార్డ్ పేరు చెప్పలేదు. ప్రతి నియమాన్నీ అక్షరం తప్పకుండా పాటించాలనే మనిషి, ఒక స్నేహితుడి కోసం నోరు మెదపలేదు. మొదటి ఎపిసోడ్ నుంచి చూసిన షెల్డన్‌ను ఈ ఒక్క విషయం మార్చేస్తుంది. ఉత్తర కొరియా గూఢచారిణి జాయిస్ కిమ్ ఉపకథ మాత్రం నవ్వు కోసమే. దానికి ఒక వాక్యం చాలు.

ఒక అభ్యంతరం కూడా రాసుకోండి. లెనార్డ్ ఓర్పుకు ప్రాణదానమే కారణమైతే, అది స్నేహం కాకుండా బాకీ తీర్చడం అయిపోదా? రెండో సీజన్‌లో అతని తల్లి బెవర్లీని చూశాం. ప్రేమ చూపించని మనిషి దగ్గరే ప్రేమ వెతుక్కోవడం ఇతనికి చిన్నప్పటి నుంచీ అలవాటని అప్పుడే అర్థమైంది. నాకు ఆ కారణమే బలంగా తోస్తుంది.

అయినా ఈ ఎపిసోడ్‌ను నేను గట్టిగా సమర్థిస్తాను. కథ ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడండి. మూడు ఎపిసోడ్ల కిందటే పెన్నీ, లెనార్డ్ విడిపోయారు. తనను వదిలిన అమ్మాయి ముందు కూర్చుని, తాను ఒకరిని ఎందుకు వదల్లేదో చెబుతున్నాడతను. ఫ్లాష్‌బ్యాక్ కంటే దాని చుట్టూ కట్టిన సన్నివేశాన్ని ఎక్కువసేపు చూడమని నేను మళ్లీ మళ్లీ చెప్పేది ఇందుకే.

ఇక లిఫ్ట్. అది పనిచేయదు కాబట్టే వీళ్లు మెట్లెక్కుతూ మాట్లాడుకుంటారు. ఈ సీరియల్‌లో ఎన్నో మంచి సంభాషణలు ఆ మెట్ల మీదివే. వాటికి లెనార్డ్ పొరపాటే మూలమని ఇప్పుడు తెలుస్తోంది. అందుకే 2019లో చివరి ఎపిసోడ్‌కు ముందుదానిలో బాగైన లిఫ్ట్ తలుపు తెరుచుకుని పెన్నీ బయటికి వస్తే గుండె కలుక్కుమంటుంది.

అభ్యాసం: 1996లో వచ్చిన, మరో అమెరికన్ హాస్య సీరియల్ ‘ఫ్రెండ్స్’ మూడో సీజన్ 6వ ఎపిసోడ్ చూడండి. చాండ్లర్ ఇంట్లోకి జోయీ ఎలా వచ్చాడో అందులో ఉంటుంది. రెండు వైపులూ నింపి, కుడివైపు రాసుకున్న వాటిలో మీకు ముందే తెలిసినవి కొట్టేయండి. మిగిలిన వాటితో 6వ పాఠం మొదలుపెడదాం.