సందేహించేవాళ్ళకు క్రీస్తు విశ్వాసానికి కారణాలు ఎలా చెప్పాలి?

ఒడిశా సరిహద్దులోని మన తెలుగు ఊళ్ళలో, అంటే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు, క్రైస్తవ కుటుంబాల్లో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. పిల్లలు భువనేశ్వర్‌కో విశాఖకో చదువుకి వెళ్తారు. హాస్టల్లో ఫోన్ పట్టుకుని నాస్తికుల వీడియోలు చూస్తారు, తోటివాళ్ళతో రాత్రంతా వాదిస్తారు. క్రిస్మస్‌కి ఇంటికొచ్చినప్పుడు, "దేవుడున్నాడని నీకెలా తెలుసు చిన్నాన్నా? చిన్నప్పుడు తాతయ్య చెప్పాడు కాబట్టి నమ్ముతున్నావు, అంతేగా?" అని అడుగుతారు. చిన్నాన్నకి కోపం వస్తుంది. "నాలుగు అక్షరాలు రాగానే దేవుణ్ణే ప్రశ్నిస్తావా?" అంటాడు. మాట అక్కడితో తెగిపోతుంది. మరుసటి ఏడాది ఆ కుర్రాడు మందిరానికి రాడు.

ఆ కోపం మనకు బైబిలు నేర్పింది కాదు. మన నిరీక్షణకు కారణం అడిగే ప్రతివాడికీ సాత్వికంతో జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండమని పేతురు తన మొదటి పత్రికలో రాశాడు. పౌలు ఏథెన్సులో తత్వవేత్తల ముందు నిలబడి, వాళ్ళ కవుల మాటలే ఎత్తి చూపిస్తూ మాట్లాడాడు. కాబట్టి ఆ కుర్రాడికి కారణాలు చెప్పాల్సిన బాధ్యత మనదే. ఎలా చెప్పాలో, ఏ కారణం ఎంతవరకు పనికొస్తుందో కింద రాస్తున్నాను.

1. ముందు పూర్తిగా వినండి

"దేవుడు లేడు" అన్న మాట ఒకటే అయినా దాని వెనక ఉన్న విషయం మనిషికో రకంగా ఉంటుంది. ఒకడికి నిజంగానే సైన్సు విషయంలో సందేహం. ఇంకొకరు అమ్మ బతకాలని నెలల తరబడి ప్రార్థించారు, అమ్మ పోయింది. మరొకరు చర్చిలో డబ్బు గొడవలూ, కులం పట్టింపులూ కళ్ళారా చూశారు. ఈ మూడోవాళ్ళకి విశ్వం ఎలా పుట్టిందో చెప్పి ప్రయోజనం లేదు. తప్పు జరిగితే తప్పేనని ఒప్పుకోవాలి. అందుకే మొదట "నిన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఏది?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.

మాట్లాడేది మన ఇంటి పిల్లలతో కాకుండా వేరే మతం స్నేహితులతో అయితే ఇంకాస్త జాగ్రత్త కావాలి. బలవంతం, ఆశ చూపడం, మోసం ద్వారా మతం మార్చడాన్ని నిషేధిస్తూ ఒడిశాలో 1967లోనే చట్టం వచ్చింది. చట్టం మాట అటుంచినా, భయపెట్టో ఆశపెట్టో తెచ్చిన ఒప్పుకోలు క్రీస్తుకి అక్కర్లేదు. స్నేహితుడు అడిగితే చెప్పండి, చాలన్నప్పుడు ఆపండి. అతని ఇంటి పూజని ఎగతాళి చెయ్యకండి.

2. వాట్సాప్ సాక్ష్యాలు పక్కన పెట్టండి

దీన్ని చాలామంది చిన్న విషయం అనుకుంటారు. నా దృష్టిలో మన పిల్లల నమ్మకాన్ని ఎక్కువగా దెబ్బతీసేవి ఇవే. డార్విన్ చావుబతుకుల్లో తన సిద్ధాంతాన్ని వదులుకుని యేసుని నమ్మాడన్న కథ 1915లో అమెరికా పత్రికలో అచ్చయింది. అలాంటిదేమీ జరగలేదని ఆయన కూతురు హెన్రియెట్టా 1922లో రాసింది. యెహోషువ కాలంలో "తప్పిపోయిన రోజు"ని (సూర్యుడు నిలిచిపోయాడని బైబిలు చెప్పే రోజుని) నాసా కంప్యూటర్లు కనిపెట్టాయన్నది కూడా కట్టుకథే. చిన్న ఐన్‌స్టీన్ తరగతిలో నాస్తిక ప్రొఫెసర్ నోరు మూయించాడన్న కథకీ ఆధారం లేదు. తనది తత్వవేత్త స్పినోజా చెప్పిన దేవుడని, అంటే మనుషుల మొర వినే దేవుడు కాదు, ప్రకృతి క్రమంలో కనిపించే దేవుడని, ఐన్‌స్టీన్ 1929లో స్వయంగా చెప్పాడు. మీరు వీటిలో ఒక్కటి ఫార్వర్డ్ చేసినా ఆ కుర్రాడు రెండు నిమిషాల్లో వెతికి తప్పని తేలుస్తాడు. ఆ తర్వాత మీరు యేసు సమాధి ఖాళీగా ఉందని చెబితే ఎందుకు వినాలి?

అపొస్తలులందరూ విశ్వాసం కోసం ప్రాణాలిచ్చి హతసాక్షులయ్యారని కూడా గట్టిగా చెప్పకండి. పేతురు, పౌలు, జెబెదయి కొడుకు యాకోబు, యేసు తమ్ముడు యాకోబు, వీళ్ళ విషయంలో పాత ఆధారాలు బాగానే ఉన్నాయి. మిగతావాళ్ళలో చాలామంది గురించి మనకున్నవి తర్వాతి కాలపు కథనాలు. ఉన్నంతే చెప్పండి.

3. దేవుడి గురించి: ఈ వాదం ఎంతవరకు తీసుకెళ్తుందో అంతవరకే వెళ్ళండి

ఇక్కడ మొదటి ప్రశ్న, ఏమీ లేకుండా ఉండాల్సిన చోట ఇదంతా ఎందుకు ఉంది అన్నది. 1714లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ ఈ ప్రశ్నని సూటిగా అడిగాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన దేశంలో న్యాయదర్శన పండితుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలి అనే గ్రంథంలో, ఈ జగత్తు ఒక కార్యం, అంటే కారణం వల్ల కలిగింది కాబట్టి దానికి కర్త ఉండాలని వాదించాడు. ముస్లిం పండితుడు అల్ గజాలీ, క్రైస్తవ పండితుడు అక్వినాస్ తమ తమ దారుల్లో ఇలాంటి మాటే చెప్పారు. మీ హిందూ స్నేహితుడికో ముస్లిం స్నేహితుడికో ఈ సంగతి చెప్పండి. ఈ వాదం దగ్గర మీరిద్దరూ ఒకే పక్క నిలబడి ఉన్నారు.

ఎదుటివాళ్ళ జవాబు కూడా నిజాయితీగా చెప్పాలి. 1948లో బీబీసీ రేడియో చర్చలో బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్, విశ్వం ఊరికే ఉంది, అంతే అన్నాడు. అలా అనడంలో తర్కదోషం లేదు. కానీ ప్రతి వస్తువుకీ కారణం వెతికే మనిషి అన్నిటికంటే పెద్ద ప్రశ్న దగ్గరకి వచ్చి వెతకడం మానెయ్యమంటున్నాడు. నాకు అది సంతృప్తినివ్వదు. మీ ఎదుటివాడికి ఇస్తుందో లేదో అతన్నే ఆలోచించుకోనివ్వండి.

బిగ్ బ్యాంగ్ మాట రాక తప్పదు. దాదాపు 1380 కోట్ల ఏళ్ళ కిందట విశ్వం అత్యంత వేడి, సాంద్ర స్థితి నుంచి విస్తరించడం మొదలైందన్న ఈ ఆలోచనకు పునాది వేసినవాళ్ళలో ముఖ్యుడు బెల్జియం కతోలిక్ ఫాదర్ జార్జ్ లెమేత్ర్. ఇది చెబితే "సైన్సుకీ విశ్వాసానికీ పడదు" అన్న మాట సగం తేలిపోతుంది. అయితే 1951లో పోపు ఈ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా ఎత్తి చూపితే లెమేత్ర్‌కే అది నచ్చలేదు. సైన్సు సిద్ధాంతం రేపు మారొచ్చు, విశ్వాసాన్ని దాని మీద కట్టకూడదని ఆయన జాగ్రత్త. మనమూ ఆ జాగ్రత్త పాటించాలి.

ఇంకో మాట. "దేవుడు లేకపోతే నీతి ఎక్కడిది, నాస్తికులకి నీతి ఉండదు" అని ఎప్పుడూ అనకండి. అంటరానితనం మీద జీవితాంతం పోరాడిన గోరా (గోపరాజు రామచంద్రరావు) నాస్తికుడే. అడగాల్సింది వేరే: ప్రతి మనిషికీ విలువ ఉందన్నది మనం పెట్టుకున్న ఒప్పందమా, మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నిజమా? నిజమైతే ఆ నిజం దేని మీద నిలబడింది?

ఈ మెట్టు ఎక్కినవాడు క్రైస్తవుడు కాడు. సృష్టికర్త ఉండి ఉండొచ్చు అన్నంత దూరం వస్తాడు. మిగతాదానికి చరిత్రలోకి దిగాలి.

4. యేసు పునరుత్థానం: ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం అని పౌలు కొరింథీయులకు రాశాడు. మతం మొత్తాన్ని ఒక్క సంఘటన మీద పెట్టి, అది జరగకపోతే నమ్మొద్దు అన్నాడు. అందుకే వాదన ఇక్కడ జరగాలి.

మొదట వచ్చే అభ్యంతరం, "సువార్తలు భక్తులు రాసుకున్నవి కదా" అని. బరంపురానికి దగ్గర్లో, ఋషికుల్య ఒడ్డున ఉన్న జౌగడకి ఆ కుర్రాణ్ణి తీసుకెళ్ళండి. అక్కడ అశోకుడి శాసనాలున్న బండ ఉంది. కళింగ యుద్ధం గురించి మనకి ముఖ్యంగా అశోకుడు చెప్పుకున్న మాటల వల్లే తెలుసు. గెలిచిన రాజే సాక్షి, రాయించిందీ ఆయనే. అయినా చరిత్రకారులు దాన్ని పారెయ్యరు, తూకం వేసి వాడుకుంటారు. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ యుద్ధాన్ని చెప్పే 13వ శాసనం జౌగడలోనూ లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ లేదు. గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది, మన కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది. యుద్ధం జరిగిన నేల మీది బండే దాని గురించి మాట్లాడదు. కాబట్టి "ఫలానా చోట రాయలేదు, అంటే జరగలేదు" అన్న వాదం ఎంత బలహీనమో అక్కడ నిలబడి చూపించవచ్చు.

యేసు విషయంలో బయటి సాక్ష్యం అసలు లేకపోలేదు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 116 ప్రాంతంలో, తిబెరి చక్రవర్తి కాలంలో రోమా గవర్నరు పిలాతు చేతిలో క్రీస్తుకి మరణశిక్ష పడిందని రాశాడు. ఆయనకి క్రైస్తవులంటే అసహ్యం. యూదు చరిత్రకారుడు జోసీఫస్ యేసు తమ్ముడు యాకోబు హత్యని ప్రస్తావించాడు. జోసీఫస్‌లోనే యేసు గురించి ఉన్న పెద్ద పేరాలో తర్వాతి క్రైస్తవులు చెయ్యి పెట్టారని పండితులు చెబుతారు. ఆ పేరాని మీరు వాడకపోవడమే మంచిది. పిలాతు పేరున్న రాతి పలక 1961లో కైసరయలో దొరికింది.

తర్వాత అసలు సాక్షుల దగ్గరకి రండి. కొరింథీయులకు మొదటి పత్రిక క్రీ.శ. 55 ప్రాంతంలో రాసింది, అంటే సిలువకి పాతికేళ్ళ లోపు. అందులో పౌలు తనకి ముందే అప్పగించిన ఒక పట్టిక ఇస్తాడు, లేచిన యేసుని చూసినవాళ్ళది: కేఫా (అంటే పేతురు), పన్నెండుగురు, ఐదువందలకు పైగా సహోదరులు, యాకోబు, చివర తాను. ఆ ఐదువందల్లో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా చెబుతాడు. యెరూషలేములో కేఫాతో పదిహేను రోజులు ఉన్నాననీ, యాకోబుని చూశాననీ గలతీయులకు రాశాడు. ఈ ఇద్దరినీ పౌలు నేరుగా ఎరుగును.

వీళ్ళలో యాకోబునీ పౌలునీ విడిగా చూపించండి. యేసు సహోదరులు ఆయన్ని నమ్మలేదని యోహాను సువార్తే చెబుతోంది. పౌలు సంఘాన్ని హింసించినవాడు. నమ్మని తమ్ముడు, పగబట్టిన శత్రువు, ఇద్దరూ ప్రాణం ఇచ్చేదాకా వెళ్ళారు. సమాధి దగ్గరకి మొదట వెళ్ళింది స్త్రీలని నాలుగు సువార్తలూ రాశాయి. స్త్రీల సాక్ష్యం చెల్లదని జోసీఫస్ రాసిన ఆ సమాజంలో కథ అల్లేవాడు అలా అల్లడు.

"నమ్మకం కోసం చచ్చేవాళ్ళు అన్ని మతాల్లోనూ ఉన్నారు" అంటారు. నిజమే. ప్రాణత్యాగం మాట సత్యమని రుజువు చెయ్యదు, మనిషి అబద్ధం ఆడలేదని మాత్రం చూపిస్తుంది. వీళ్ళు వేరేవాళ్ళు చెప్పింది నమ్మలేదు, మేం చూశాం అన్నారు. శిష్యులే శవాన్ని దొంగిలించారన్న మాట దీంతో పోతుంది. మిగిలేది భ్రాంతి. దుఃఖంలో ఉన్న పేతురుకి భ్రాంతి కలిగిందనుకోవచ్చు. పౌలుకి ఏ దుఃఖం? గుంపుగా చూశామన్నవాళ్ళ సంగతి ఏమిటి? ఖాళీ సమాధి మీద పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. శిష్యులు ఆయన్ని చూశామని నిజంగా నమ్మారన్న దాని మీద నమ్మని పండితులు కూడా సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇక గట్టి అభ్యంతరం 1748లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ చెప్పింది: సాక్షులు పొరబడటం కంటే చనిపోయినవాడు లేవడం ఎప్పుడూ అసంభవమే కదా అని. దేవుడు లేడని ముందే తేల్చుకుంటే ఆ మాట నిలుస్తుంది. దేవుడు ఉండి ఉండొచ్చు అంటే తూకం మారుతుంది. మూడో మెట్టు ముందు ఎక్కమన్నది ఇందుకే. ప్రత్యక్షం (కళ్ళారా చూడటం), అనుమానం (గుర్తుల్ని బట్టి ఊహించడం) లాగే ఆప్తవాక్యం, అంటే నమ్మదగినవాడి మాట కూడా, తెలుసుకోవడానికి ప్రమాణమేనని మన తర్కశాస్త్రం చెబుతుంది. నీ పుట్టినరోజు నీకెలా తెలుసని ఆ కుర్రాణ్ణి అడగండి. అమ్మ చెప్పింది, అమ్మ అబద్ధం చెప్పదు. సాక్షి నమ్మదగినవాడా కాదా అన్నదే విచారించాలి.

ఇంత చెప్పినా "నాకు తెలియదు" అనొచ్చు. అనే హక్కు అతనికి ఉంది. నేను మాత్రం ఈ ఆధారాలన్నీ కలిపి చూసినప్పుడు యేసు లేచాడన్నదే అన్నిటికంటే బాగా పొసిగే వివరణ అని నమ్ముతున్నాను.

5. బాధ గురించి అడిగితే గొంతు తగ్గించండి

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎంతోమంది చనిపోయారు. ఆ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులే. "మీ దేవుడు ఎక్కడున్నాడు?" అంటే ఏం చెబుతారు?

మనిషి స్వేచ్ఛ వల్ల చెడు వస్తుందన్న వాదం యుద్ధానికీ దోపిడీకీ సరిపోతుంది, విరిగిపడిన కొండకి సరిపోదు. పాపం చేశారు కాబట్టి పోయారని ఎవరైనా అంటే అక్కడే ఖండించండి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులనుకుంటున్నారా, కాదు అని యేసే చెప్పాడు. యోబు స్నేహితులు అలా మాట్లాడినందుకే దేవుడు వాళ్ళ మీద కోపించాడు. క్రైస్తవుడు నిజంగా చెప్పగలిగింది ఇంతే: మా దేవుడు దూరం నుంచి చూడలేదు, లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు, సిలువ మీద మేకులు కొట్టించుకున్నాడు. ఇది "ఎందుకు" అన్నదానికి జవాబు కాదు. ఇంకా పచ్చి గాయంతో ఉన్న మనిషి దగ్గర ఇది కూడా చెప్పకండి, పక్కన కూర్చోండి, భోజనం పట్టుకెళ్ళండి.

6. "విదేశీ మతం", "పుట్టుకతో వచ్చిన నమ్మకం"

మన వైపు సువార్త తెచ్చినవాళ్ళు ఎక్కువగా బయటివాళ్ళే. కోరాపుట్ వైపు జర్మనీ లూథరన్లు, పర్లాకిమిడి వైపు కెనడా బాప్టిస్టులు. బ్రిటిష్ పాలనలో వచ్చారు, దాచాల్సింది లేదు. కానీ క్రీస్తు పుట్టింది ఆసియాలో. 6వ శతాబ్దానికే మలబారు తీరంలో క్రైస్తవులున్నారని కాస్మాస్ అనే వర్తకుడు రాశాడు. ఒక మాట ఏ దేశం నుంచి వచ్చింది, ఏ ఇంట్లో విన్నావు అన్నదాన్ని బట్టి అది నిజమో అబద్ధమో తేలదు. ఇది నాస్తికుడి ఇంట్లో పుట్టినవాడికీ వర్తిస్తుంది.

7. చేతికి ఏం ఇవ్వాలి

మార్కు సువార్త ఇవ్వండి. 16 అధ్యాయాలే, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ఒడియా మీడియంలో చదివిన మన పిల్లలకి పాత తెలుగు బైబిలు గ్రాంథికం కొరుకుడుపడదు. వాడుక తెలుగు అనువాదమో, ఒడియా బైబిలో ఇవ్వండి. చివరి అధ్యాయంలో 9వ వచనం నుంచి ఉన్న భాగం అతి పాత ప్రతుల్లో లేదని ముందే చెప్పండి, ఎవరో వీడియోలో చెప్పేదాకా ఆగకండి. చదువుతూ వచ్చిన ప్రశ్నలు పెన్సిల్‌తో పక్కన రాసుకోమనండి. మీకు తెలియని ప్రశ్న వస్తే "తెలియదు నాన్నా, చదివి చెబుతాను" అనండి. తర్వాత నిజంగా చదివి, అతను మళ్ళీ హాస్టల్‌కి వెళ్ళేలోపు ఫోన్ చేసి చెప్పండి.