అంబాసిడర్ స్లోలో ఆగిపోతోందా? కార్బురేటర్ విప్పకముందు ఇవి చూడండి

మా నాన్న కొన్న 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్ పోయిన వేసవిలో అనంతపురం టవర్ క్లాక్ దగ్గర బండి నిలిపిన ప్రతిసారీ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, ఆగిపోయేది. ఒక మెకానిక్ మూడుసార్లు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) విప్పి కడిగాడు. ఏమీ మారలేదు. పోయింది కండెన్సర్ (స్పార్క్ పుట్టించే కరెంటు దారిలో ఉండే చిన్న డబ్బా) అని చివరికి ఇంకో షెడ్డులో పెద్దాయన తేల్చాడు. "ముందు కరెంటు చూడప్పా, పెట్రోలు సంగతి తర్వాత" అన్నాడు. కింద రాసింది ఆ వరసలోనే.

ఒకే లయలో మిస్సింగ్

సైలెన్సర్ వెనక అరచెయ్యి పెడితే గాలి దెబ్బల మధ్య ఒకటి క్రమంగా తప్పుతుంటుంది. అంటే ఒక సిలిండర్ కొట్టడం లేదు. ఇంజిన్ స్లోలో ఉండగా ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి పెట్టండి. రబ్బరు పిడి ఉన్న ప్లయర్ వాడండి, ఒట్టి చేత్తో పట్టుకుంటే షాక్ కొడుతుంది. వైరు తీయగానే ఇంజిన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ బాగున్నట్టు. తీసినా తేడా తెలియకపోతే దొంగ దొరికినట్టే. దాని ప్లగ్‌ను పక్కదానితో మార్చి చూడండి. మిస్సింగ్ కూడా పక్కకు పోతే కొత్త ప్లగ్ వేయండి, గ్యాప్ 0.6 మి.మీ. మిస్సింగ్ ఉన్నచోటే ఉంటే వైరు చూడండి, ఆపైన డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు వరసగా కరెంటు పంచేది) క్యాప్. లోపల టార్చి వేస్తే వెంట్రుకంత నల్ల గీత కనబడిందా, ఆ క్యాప్ పనికిరాదు. వైర్ల వరస 1-3-4-2. రేడియేటర్ వైపు సిలిండర్ ఒకటి.

లయ లేకుండా, తుప్ తుప్‌మని

ఇది ఎక్కువగా పాయింట్ సెట్ పని, అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటును కలిపి తెంచే రెండు కొనలు. మధ్యలో తిరిగే క్యామ్ ఎత్తు మీద పాయింట్లు విచ్చుకున్నప్పుడు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే సుమారు 0.38 మి.మీ., ఉండాలి. గ్యాప్ మారిస్తే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా మారుతుంది కాబట్టి అదీ చూసుకోవాలి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

మా బండికి రాత్రిపూట క్యాప్ తీసి, మా అబ్బాయిని సెల్ఫ్ కొట్టమన్నా. పాయింట్ల మధ్య నిప్పురవ్వలు టపటపా ఎగిరాయి. కండెన్సర్ బాగుంటే అక్కడ మెరుపు కనబడీ కనబడనట్టు ఉంటుంది. కొత్తది వేశాక ప్లగ్ దగ్గర పసుపుగా, నీరసంగా ఉన్న స్పార్క్ నీలంగా చిటపటలాడింది. అరిగి గుంటలు పడ్డ పాయింట్లనూ అప్పుడే మార్చేశాం.

పొద్దున బాగుంటుంది, ఎండెక్కితే ఆగిపోతుంది

మన ఎండలకు ఇది మామూలే. ఆగిన వెంటనే, ఇంజిన్ చల్లారకముందే, స్పార్క్ చూడండి. లేకపోతే కాయిల్ (స్పార్క్ కోసం కరెంటు ఒత్తిడి పెంచేది) వేడికి చచ్చిపోతోందేమో, వేరేది పెట్టి చూడాలి. స్పార్క్ బాగుంటే పైపులో పెట్రోలు ఆవిరై పంపుకు అందడం లేదన్నమాట. పంపు మీద తడిగుడ్డ వేస్తే కాసేపటికి కదులుతుంది, కానీ అది ఊరు చేరడానికే. పెట్రోలు పైపును ఎగ్జాస్ట్ వేడికి దూరంగా జరపాలి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ కూడా ఒకసారి చూడండి.

చోక్ లాగితేనే నిలబడుతుంది

చోక్ పెట్రోలు పాలు పెంచుతుంది, కాబట్టి ఎక్కడో అదనంగా గాలి పడుతోంది. కార్బురేటర్ నుంచి ఇంజిన్‌లోకి పోయే మానిఫోల్డ్ గొట్టం అతుకు (గ్యాస్కెట్) చుట్టూ సబ్బునీళ్లు చల్లండి. ఇంజిన్ చప్పుడు మారిన చోటే లీకు. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు, వేడి ఇంజిన్ మీద ఆ పని వద్దు.

గాలి లీకు లేదని తేలాకే కార్బురేటర్. ఎస్‌యూ కంపెనీది అయితే అడుగున చిన్న పిన్ను ఉంటుంది. దాంతో కార్బురేటర్ లోపలి పిస్టన్‌ను మిల్లీమీటరు లోపే ఎత్తండి. స్పీడు పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోతే తక్కువ, కాస్త పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉంది. జెట్ నట్టు పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికి తిప్పితే పెరుగుతుంది. నట్టును ఒక్కో పలక (ఆరో వంతు చుట్టు) చొప్పున తిప్పి, మళ్లీ పిన్ను ఎత్తి చూడండి. పిస్టన్ వదిలితే టక్‌మని కిందపడాలి. పడకపోతే అది పట్టేసింది, విప్పి శుభ్రం చేయాలి.

ఏది చేసినా తగ్గదు

టాపెట్లు (వాల్వ్‌ల దగ్గర వదిలే సందు) బిగుతుగా ఉంటే ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోక స్లోలో మిస్ కొడుతుంది. ఒకసారి సెట్ చేయించి, కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచేది) పెట్టించండి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో తక్కువ వస్తే మధ్యన హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది, హెడ్ దింపించాల్సిందే.