పాత దీనార్ చేతిలోకి తీసుకునే ముందు

ఉంగరాలు తీసెయ్యండి, టేబుల్ మీద మెత్తటి గుడ్డ పరవండి. ఖలీఫా అబ్దుల్ మాలిక్ హిజ్రీ 77లో, అంటే క్రీ.శ. 696-97లో తెచ్చిన దీనార్ అనే బంగారు నాణెం దాదాపు 4.25 గ్రాములే, మేలిమి బంగారం మెత్తన కదా, కిందపడితే అంచు నొక్కుకుపోతుంది, ఆ అంచు చుట్టూనే ముద్రించిన ఏడాది రాసి ఉంటుంది.

మెరుపు కోసం చింతపండు, టూత్‌పేస్ట్ అస్సలు పెట్టొద్దు ప్లీజ్.

లెన్స్ రెడీగా పెట్టుకోండి, లైటు పక్కనుంచి పడాలి. ఏడాది అంకెల్లో ఉండదు, మాటల్లోనే, పైగా కూఫీ అనే పాత అరబ్బీ లిపిలో అక్షరాల్ని వేరుచేసే చుక్కలు దాదాపు ఉండవు కాబట్టి సబ్ఈన్ (70), తిస్ఈన్ (90) రెండూ నాలుగు పళ్ళ దువ్వెనలా ఒకేలా కనిపిస్తాయి, ఏ పన్ను కాస్త పొడుగ్గా ఉందో చూసుకోండి, తొందరపడి చదివితే ఇరవయ్యేళ్ళు తేడా. ముద్రించిన ఊరి పేరు కూడా వీటి మీద మామూలుగా ఉండదు, డమాస్కస్ అని రాసుందని ఎవరన్నా అంటే ఎక్కడో చూపించమనండి.